కుండలోని దీపం



వెలుగు చూడని పాండిత్యాన్ని కుండలోని దీపంతో పోల్చడం మనకు అలవాటు. పోర్చుగల్ దేశపు కొండసీమలోని బెల్మోంతె అనే చిన్న ఊరిలో ఆ మాట ఉపమానం కాదు, యథార్థం. శుక్రవారం సాయంకాలం కొన్ని ఇండ్ల స్త్రీలు విశ్రాంతిదినపు దీపం వెలిగించి, ఇరుగుపొరుగు కంటబడకుండా మట్టికుండలో దాచేవారు. వారు పైకి క్రైస్తవులు, లోన యూదులు.

1496లో మొదటి మాన్యుయెల్ రాజు యూదులు దేశం విడిచిపోవాలని శాసించాడు. మరుసటి ఏడు, పోనైనా పోనీయక, బలవంతాన బాప్తిస్మం ఇప్పించాడు. 1536లో ఇంక్విజిషన్ అనే మతవిచారణ సభ ఏర్పడింది. దాని చేయి మన గోవా దాకా సాగింది. ఈ దేశపు ఓషధులపై 1563లో గ్రంథం వెలువరించిన వైద్యుడు గార్సియా ద ఓర్తా రహస్యంగా యూదుడన్న నేరానికి, ఆయన గతించిన పన్నెండేండ్లకు, 1580లో అస్థికలను తవ్వితీసి కాల్చారు.

అటువంటి కాలంలో హీబ్రూ పుస్తకం ఇంట ఉండడమే ప్రాణాపాయం. గ్రంథం పోయింది, భాష పోయింది. ప్రార్థనలు మాత్రం పోర్చుగీసు మాటలలో, మన నోముల కథలవలె, తల్లి నోటినుండి కూతురి చెవికి చేరుతూ వచ్చాయి.

1917 ప్రాంతంలో శామ్యూల్ ష్వార్జ్ అనే పోలండు యూదుడు, గనుల ఇంజనీరు, ఆ ఊరు వచ్చాడు. తానూ యూదుడనంటే అక్కడి స్త్రీలు నమ్మలేదు. తమ ప్రార్థన ఒక్కటీ రానివాడు యూదుడెట్లా అవుతాడు? చివరకు అతడు హీబ్రూ ప్రార్థన చదివాడు. 'అదొనాయ్' అన్న దైవనామం వినబడగానే ఆ స్త్రీలు చేతులతో కన్నులు కప్పుకొన్నారు. నాలుగు వందల ఏండ్లకు మిగిలిన హీబ్రూ ఆ ఒక్క మాట! ఆ ప్రార్థనలను అతడు 1925లో గ్రంథస్థం చేశాడు.

1996లో, శాసనం వెలువడిన 500 ఏండ్లకు, బెల్మోంతెలో యూదుల ప్రార్థనామందిరం తెరిచారు. దీపం కుండ దాటింది. అయితే అందులో పురుషుల హీబ్రూ పఠనమే ప్రధానమైంది. ఇన్ని తరాలు ధర్మాన్ని మోసిన అవ్వల పోర్చుగీసు ప్రార్థనలు పక్కకు ఒదిగిపోయాయి.

విద్వాన్ పరీక్ష ప్యాసైన కొత్తలో మా నాయనమ్మ మంగళహారతిలో అపశబ్దాలను దిద్దాను. ఆమె నవ్వి ఊరుకుంది. నా ఎదుట మరి పాడలేదు. ఆ పాట ఇప్పుడు మా ఇంట ఎవరికీ రాదు.