హెడ్‌లైటు చూడని వైపు

రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ నుంచి సుల్తానాబాద్‌కు బైక్ మీద వచ్చిపోయేవాళ్లకు ఎండాకాలం, వానాకాలం, చలికాలం కాక ఇంకో కాలం కూడా ఉంటుంది. వడ్లకాలం. కోతలు మొదలయ్యాయంటే కరీంనగర్ దాటిన దగ్గర్నుంచి రోడ్డుకు ఓ పక్కన వడ్లు పోసి ఆరబెడతారు. పొద్దుగూకాక కుప్పచేసి, పైన టార్పాలిన్ కప్పి, అది గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. రైతుదేం తప్పులేదు. కల్లం జాగా లేనివాడికి తారురోడ్డే కల్లం. మాది రైస్‌మిల్లుల ఊరు, ఆ వడ్ల మీదే బతికిన ఊరు కాబట్టి విసుక్కునే హక్కు నాకు అసలే లేదు.

అలాంటి ఒక రాత్రి మెయిన్‌రోడ్డు దిగి ఎడమకు, మా వాడవైపు తిరుగుతున్నాను. వెనక అవ్వ. స్పీడు పదిహేను కూడా లేదు. హ్యాండిల్ తిప్పాను, ముందుచక్రం తిరిగింది, వెలుతురు మాత్రం తిరగలేదు. అది నిటారుగా ఎదురుగా ఉన్న మూసేసిన షాపు షటర్ మీదే పడుతోంది. చక్రం పోతున్న చోట చీకటి. ఆ చీకట్లో ఓ రాయి. మెల్లగా పడ్డాం, కానీ అవ్వ చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

బండి పేరు చెప్పను, చెప్పి లాభం లేదు. ఎందుకంటే అది పాడైన బండి కాదు. డిజైన్ చేసినట్టే పనిచేసింది. మా సాఫ్ట్‌వేర్‌లో, కస్టమర్ ఏడుస్తూ పంపిన బగ్‌ను మూసేయడానికి వాడే మాట ఇదే. నేనూ ఎన్నోసార్లు వాడాను. కట్టు ఉన్న ఆరు వారాల్లో ఆ లైటు ఎందుకు తిరగదో వెతుక్కుంటూ పోతే అది ఓ యాభై ఏళ్ల కథ అయి కూర్చుంది.

అది స్పోర్ట్ టూరింగ్ రకం బండి. వేగంగా మలుపులు తిరగాలి, రోజంతా కూర్చున్నా నడుం పట్టేయకూడదు, వెనక ఓ మనిషినీ సామానునీ మొయ్యాలి. ఈ మూడూ ఒక్క బండిలో కావాలన్న ఆశకు పెట్టిన పేరది. ఈ వంశానికి మూలపురుషుడిగా చాలామంది చెప్పేది 1976లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్‌ను. హాన్స్ ముత్ అనే డిజైనర్ దాని తొడుగును, అంటే ఫెయిరింగ్‌ను, ఇటలీలో పినిన్‌ఫరీనా వాళ్ల విండ్ టన్నెల్‌లో పెట్టి, గాలి ఊది, ఆకారం తీర్చాడు. జర్మనీ ఆటోబాన్ల మీద గంటలకొద్దీ నూట అరవైలో పోయే మనిషి రొమ్ముకు గాలి తగలకూడదు, ఇదీ సమస్య. దానికి వాళ్లు కనిపెట్టిన జవాబు ఏంటంటే, తొడుగును హ్యాండిల్‌కు కాకుండా బండి ఛాసిస్‌కే బిగించేయడం. హ్యాండిల్‌కు బిగిస్తే అంత వేగంలో గాలి తొడుగును తోస్తుంది, తొడుగు హ్యాండిల్‌ను తోస్తుంది, బండి ఊగుతుంది. ఛాసిస్‌కు బిగిస్తే ఆ గొడవ లేదు. హెడ్‌లైటు తొడుగులోనే ఉంటుంది గనక అదీ కదలదు.

మరి మలుపుల్లో? వేగంలో మలుపు తిరిగేటప్పుడు బైకు ఒరుగుతుంది, హ్యాండిల్ చాలా కొంచెమే తిరుగుతుంది. కాబట్టి లైటు కదలకపోయినా తేడా అంతగా తెలియదు. తేడా తెలిసేది నడక వేగంలో, హ్యాండిల్ పూర్తిగా తిప్పి సందులోకి దిగేటప్పుడు. ఆటోబాన్ మీద అలాంటి సందు ఉండదు. టెస్ట్ ట్రాక్ మీద అసలుండదు. వాళ్ల రోడ్డుకు వాళ్లు వేసుకున్న లెక్క సరైందే. ఆ లెక్క మా రోడ్డుకు కూడా సరిపోతుందా అని అడిగినవాళ్లే కనపడరు.

మన పాత బండ్లకు ఈ రోగం లేదు. బుల్లెట్ సంగతి చూడండి. ఇంగ్లండ్‌లోని రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. సైన్యానికి బండ్లు కావాల్సి రావడంతో మొదలైన వ్యవహారం అది. ఆ బుల్లెట్‌లో హెడ్‌లైటు, దానికి అటూ ఇటూ రెండు బుల్లి దీపాలు, స్పీడోమీటర్, అన్నీ ఫోర్క్ తలమీద ఒకే లోహపు గూట్లో ఉంటాయి. హ్యాండిల్ ఎటు తిరిగితే వెలుతురు అటు. మైసూరులో 1960ల మొదట్లో తయారవడం మొదలైన జావా, 1973 నుంచి యెజ్డీ పేరుతో వచ్చిన దాని తమ్ముళ్లూ అంతే. కాకపోతే ఆ వెలుతురు ఎంత? పాత బండ్లలో 6 వోల్టుల కరెంటు. బండి ఆగి ఉన్నప్పుడు బల్బు కాదు, చిమ్నీ. రోడ్డు ఎటు తిరిగితే అటు చూసే గుడ్డిదీపం ఒక తరానిది, కళ్లు మిరుమిట్లు గొలుపుతూ ఒకటే దిక్కు చూసే దీపం ఇంకో తరానిది.

అలాగని పాతవాటికి హారతి పట్టను. బుల్లెట్ గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. బ్రిటిష్ అలవాటు. అమెరికా 1970ల మధ్యలో ఎడమకాలి గేరును చట్టంగా చేసింది. దాంతో ప్రపంచం దాదాపు మొత్తం అటు మారిపోయింది. బుల్లెట్‌ను కన్న ఇంగ్లండ్ కంపెనీ అప్పటికే మూతబడింది. మన దగ్గర మాత్రం ఆ కుడికాలి గేరు 2000ల దాకా నడిచింది. మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. న్యూట్రల్ దొరకదని దానికోసం ప్రత్యేకంగా ఇంకో లివర్, న్యూట్రల్ ఫైండర్. ఒక లోపాన్ని దాచకుండా దానిపక్కనే ఓ ఊతకర్ర బిగించిన నిజాయితీ అది. నాకది చాలా ఇష్టం. స్టార్ట్ చేయాలంటే అమ్మీటర్ ముల్లు చూసి, డీకంప్రెసర్ నొక్కి, పిస్టన్‌ను సరైన చోటికి తెచ్చి, అప్పుడు తన్నాలి. తప్పితే అది తిరిగి తంతుంది. యెజ్డీలో ఇంకో విచిత్రం: కిక్కు రాడ్డే గేరు రాడ్డు. తన్ని స్టార్ట్ చేశాక మడిస్తే గేరు.

ఇవన్నీ నేర్చుకుంటే వస్తాయి. చిక్కంతా నేర్చుకున్నాకే. ఇంట్లో ఒక కుడిగేరు బండి, ఒక ఎడమగేరు బండి ఉన్నవాళ్లను అడగండి. మామూలుగా నడిపేటప్పుడు బుర్ర గుర్తుపెట్టుకుంటుంది. కుక్క అడ్డం వస్తే బుర్రను అడిగే టైముండదు, కాలు తనకు తెలిసింది తను చేస్తుంది. బ్రేకు అనుకుని గేరు తొక్కుతుంది. ఒక బండితో ఇరవై ఏళ్లు కాపురం చేసినందుకు ఒళ్లు చెల్లించే వడ్డీ అది.

ఇక రాజ్‌దూత్ 350. జపాన్‌లో యమహా ఆర్‌డీ350గా పుట్టి, 1983లో ఎస్కార్ట్స్ ద్వారా ఇక్కడికి వచ్చిన రెండు సిలిండర్ల, రెండు స్ట్రోకుల, ఆరు గేర్ల దయ్యం. మొదట్లో 30.5 హార్స్‌పవర్. ఆ కాలపు మన రోడ్ల మీద అది ఎంతో చెప్పాలంటే, రెండేళ్ల తర్వాత వచ్చి దేశాన్ని గెలిచేసిన హీరో హోండా సీడీ100 శక్తి దానిలో పావువంతు మాత్రమే. బయటిదేశాల్లో ఈ బండికి ముందుచక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది. మనకు వచ్చిన దానికి డ్రమ్ము పెట్టారు. రెండు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి యాక్సిలేటర్ వదిలినా బండి తనంతట తాను పెద్దగా తగ్గదు. తగ్గించాల్సింది ఆ డ్రమ్మే. తర్వాత కంపెనీ బండిని మార్చింది కూడా. ఏం మార్చింది? మైలేజీ రావట్లేదని జనం మొత్తుకుంటే శక్తిని 27కు దించింది. బ్రేకు మాత్రం డ్రమ్ముగానే ఉండిపోయింది. ఏ లోపాన్ని లోపంగా ఒప్పుకోవాలో నిర్ణయించేది ఇంజనీరు కాదు, లీటరుకు ఎంతిస్తుందని అడిగే నోరు. ఆ నోరు మనదే. పదేళ్లు కూడా నిండకుండానే బండి ఆగిపోయింది. ఇప్పుడు కలెక్టర్లు లక్షలు పోసి కొంటున్నారు, కొన్నాక చాలామంది చేయించే మొదటి పని డిస్క్ బ్రేకు పెట్టించడం.

మన గడ్డమీద స్పోర్ట్ టూరింగ్ అనదగ్గ ఆకారం అందరికీ అందే ధరలో వచ్చింది 2003లో, హీరో హోండా కరిజ్మాతో. 223 సీసీ, పదిహేడు హార్స్‌పవర్, ఛాసిస్‌కు బిగించిన సగం తొడుగు. నేనప్పుడు స్కూల్లో ఉన్నాను. కరీంనగర్‌లో మొదటిసారి దాన్ని చూసినప్పుడు హ్యాండిల్ తిప్పితే ముఖం తిరగకపోవడం చూసి, ఇది నిజంగా విమానం లాంటిదే అని మురిసిపోయిన గుర్తు. ఏ గుణం చూసి మురిశానో పదిహేనేళ్ల తర్వాత సరిగ్గా దాంతోనే పడ్డాను. 2007లో బజాజ్ పల్సర్ 220 వచ్చింది, ఫ్యుయల్ ఇంజెక్షన్, వెనక చక్రానికీ డిస్క్, ప్రొజెక్టర్ దీపం. 2011లో హోండా సీబీఆర్250ఆర్, ఈసారి నిండు తొడుగు. అన్నింటికీ ముఖం ఛాసిస్‌కే.

వెలుతురు మాట అలా ఉంచితే, ఈ బండ్ల చరిత్రలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వెనక సీటు. మనదేశంలో బైకు వెనక కూర్చునే మనిషిని బొమ్మ గీయమంటే చీర కట్టుకుని ఒకవైపుకు కూర్చున్న ఆడమనిషిని గీస్తాం. ఎడమవైపుకు కూర్చుంటుంది, ఎందుకంటే దిగేది ఆ పక్కకే. అందుకే సైలెన్సర్ కుడిపక్కన ఉండాలి. యెజ్డీకీ రాజ్‌దూత్ 350కీ రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. చూడ్డానికి అందం, వేలాడే పాదాలకు వాత. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం వెనక కూర్చునేవాళ్ల గురించే. పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాలు పెట్టుకోవడానికి చోటుండాలి, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికి తగ్గకుండా అడ్డు ఉండాలి. మనం చీర గార్డు అనేది దీన్నే. ఒక దేశపు చట్టం ఒక చీరకొంగును దృష్టిలో పెట్టుకుని రాయబడటం నాకు చిన్న విషయంగా అనిపించదు.

కానీ స్పోర్ట్ టూరింగ్ బండి గీసినవాడి బొమ్మలో వెనక కూర్చున్నది ప్యాంటు వేసుకుని, రెండువైపులా కాళ్లేసి, ముందున్నవాణ్ని వాటేసుకున్న మనిషి. అందుకే ఆ సీటు రెండు ముక్కలు, వెనకది ఎత్తుగా, వెడల్పు తక్కువగా. నేను బండి కొన్న రోజున షోరూమ్ కుర్రాడు, అన్నా చీర గార్డు తీసేయమంటారా, లుక్ పోతది అన్నాడు. తియ్ అన్నాను. ఇక్కడ జర్మనీవాణ్ని, జపాన్‌వాణ్ని తిట్టే వీలు లేదు. ఆ రాత్రి అవ్వకు చీర చక్రంలో పడకపోవడం అదృష్టం.

లోపాల్లేని బండి ఎక్కడా లేదనుకోండి. ఈ రకంలో ప్రపంచమంతా మెచ్చుకున్న హోండా వీఎఫ్ఆర్‌కు కరెంటును సరిచేసే రెక్టిఫయర్ వేడెక్కి కాలిపోవడం దశాబ్దాల పాటు పేరుమోసిన జబ్బు. సొంతదారులు దానికి బుల్లి ఫ్యాన్లు బిగించుకున్నారు, వేరే కంపెనీ పార్టు తెచ్చి వేసుకున్నారు, బండిని మాత్రం వదల్లేదు. ఆ కథలు చదువుతుంటే సరదాగా ఉంటుంది. ఆ లోపం బండినే రోడ్డుపక్కన నిలబెట్టేది గనక నవ్వుకోవచ్చు.

కట్టు విప్పిన వారానికి ఊళ్లో మెకానిక్ దగ్గరికి పోయాను. నాకంటే పదేళ్లు పెద్ద, చిన్నప్పటి నుంచి బుల్లెట్లూ యెజ్డీలూ విప్పినవాడు. సంగతి విని హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏముంది తమ్మీ, లైటు మెడకు గాదు, రొమ్ముకు పెట్టిన్రు" అన్నాడు. నేను ఆరు వారాలు చదివి తెలుసుకున్నది ఆయన పది సెకన్లలో చెప్పేశాడు. ఇనుపపట్టీ వంచి, ఫోర్క్‌కు ఒక క్లాంపు వేసి, చిన్న దీపం ఒకటి బిగించాడు, చక్రంతో పాటు తిరిగేలా, ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా నేలవైపు వంచి. అడక్కుండానే వెనక చక్రానికి చీర గార్డు కూడా పెట్టాడు. అది ఏ బండిదో తెలియదు, రంగు కలవలేదు. బండి ఇప్పుడు అచ్చంగా అందవికారంగా ఉంది.

సాయంత్రం ఇంటిముందు ఆపి, లైటు వేసి, హ్యాండిల్ తిప్పి అవ్వకు చూపించాను. వెలుతురు గోడ మీంచి జారి, జామచెట్టు మీదికి, అక్కణ్నుంచి గేటు పక్కన ఆరేసిన వడ్ల మీదికి పోయింది. అవ్వ లైటును చూడలేదు. వెనక సీటు మీద చెయ్యిపెట్టి ఎత్తు చూసుకుంది.

"గింత ఎత్తు ఎట్ల ఎక్కాల్రా బిడ్డా" అంది.

మరునాడు కరీంనగర్‌లో చెయ్యి చూపించుకోవాల్సి ఉంది. బస్సులో పోయింది. నేను వెనకే బండి మీద పోయాను.