పైసలియ్యని టాక్సీ సవారి

ఇంకో రెండు ప్యాకింగ్ చెక్కలు ఏయుండ్రి మంటల. మొలలు ఊడదీసినంకనే ఏయుండ్రి, లేకుంటె పొద్దుగాల ఎవల బండి టైరుకో గుచ్చుకుంటయి. సినిమాల టాక్సీల ముచ్చట అడిగిండ్రు కదా, ఇనుండ్రి మరి.

మా చిన్నప్పుడు ఈ బొల్లారంల కంపెనీలు లేవు. ఆసానికుంట, పొలాలు, ఎడ్లబండ్లు, గంతే. టాక్సీ అంటె మేం తెర మీద చూసుడే. 1961ల రామారావు ‘టాక్సీ రాముడు’ వచ్చింది. మా దిక్కు డేరా టాకీసుకు చేరేసరికి రీళ్లు అరిగిపోయి, తెర నిండ ఆన కురిసినట్టు గీతలు. నేల టికెట్టుకు పోయి, ఇసుక కుప్ప చేసుకొని దాని మీద కూసునేటోళ్లం. మిషిను ఒక్కటే ఉండె. రీలు ఒడిసినప్పుడల్లా లైట్లేసేది, ఇంకోటి ఎక్కిచ్చేదాంక బఠానీలోడు నడుమల తిరిగేది. మేం చూసిన సినిమాలల్ల డ్రైవరంటె దొర కారు తలుపు తీసి పక్కకు నిలవడేటోడు. ఇండ్ల డ్రైవరే హీరో. మేం నోరు తెరుసుకొని చూస్తిమి.

అంతకు ఏడేండ్ల ముందే, 1954ల, హిందీల దేవానంద్ ‘టాక్సీ డ్రైవర్’ చేసిండు. వాళ్లన్న చేతన్ ఆనంద్ తీసిండు. అండ్ల కల్పనా కార్తీక్ మొగపిలగాని ఏషమేసి టాక్సీకి క్లీనరైతది. ఆ సినిమా షూటింగులనే, అన్నం తినే టైముల పోయి ఇద్దరు లగ్గం చేసుకొచ్చిండ్రు. మీకేమో లంచ్ బ్రేకుల చేతులు కడుక్కునే టైము గుడ దొరకది.

నాకు ఎప్పటికీ సమజ్ గానిది ఒక్కటే. సినిమాల టాక్సీ ఎక్కినోడు “ఆ కారు ఎంబడి పోనీ” అంటడు. ఎంతిస్తవని డ్రైవరు అడగడు. దిగేటోడు నోటు ఇసిరేసి ఉరుకుతడు. చిల్లర కోసం కొట్లాట లేదు, మీటరు మీద గులుగుడు లేదు. కొందరైతె అసలు ఇయ్యనే ఇయ్యరు. మియాపూర్ కాడ అట్ల దిగి చూడు, కాలరు దొరకవడతరు.

అసలు ఆ బండ్లు నడిస్తె కదా కిరాయి అడిగేది! మద్రాసు స్టూడియోల కారు నిలవెట్టి, ఎనుక తెర గట్టి, ముందుగాల తీసుకొచ్చిన రోడ్డు బొమ్మను దాని మీద ఆడిచ్చేటోళ్లు. బ్యాక్ ప్రొజెక్షన్ అంటరు. కెమెరాకు కనవడకుంట కింద కూసున్నోళ్లు బండిని ఊపుతుంటరు. మంచిగ చూడుండ్రి, హీరో స్టీరింగును ఇటు అటు తిప్పుతనే ఉంటడు, ఎనుక రోడ్డు మాత్రం సక్కగ పోతనే ఉంటది.

మా మన్మడు క్యాబ్ నడుపుతడు. వాడు ఫోన్ల ఒక ఇంగ్లీషు సినిమా చూపెట్టిండు, ‘ఆన్ ద వాటర్‌ఫ్రంట్’. అది గుడ 1954దే, ఎలియా కజాన్ తీసిండు. ఓడరేవు హమాలీల కథ. పొద్దుగాల పోయి నిలవడితె మేస్త్రి పిలిచినోనికే పని. మన లేబర్ అడ్డనే అనుకో. అండ్ల అన్నదమ్ములు టాక్సీ ఎనుక సీట్ల కూసుంటరు. అన్న యూనియన్‌ను పట్టుకున్న దాదాల మనిషి. తమ్ముడు మార్లన్ బ్రాండో, ఒకప్పటి బాక్సరు. సాక్ష్యం చెప్పొద్దని అన్న పిస్తోలు తీస్తడు. తమ్ముడు ఒర్రడు, గుంజుకోడు. చేతితోని మెల్లగ పక్కకు జరుపుతడు. అన్న మాట ఇని కావాలని ఓడిపోయిన పందెం యాది చేసుకొని మనసుల బాధంత ఎల్లగక్కుతడు. ఆ బండి ఎనుక అద్దానికి పట్టీల పరదా ఉంటది, చూడుండ్రి. షూటింగు నాడు బ్యాక్ ప్రొజెక్షన్ సామాను లేకుండెనట. రోడ్డు చూపెట్టే తొవ్వ లేక పరదా కప్పి కానిచ్చిండ్రు. నన్నడిగితె దాన్ని మించిన టాక్సీ సీను ఇంకోటి లేదు. బయట చూడనీకి ఏం లేదు కాబట్టి మన కండ్లు ఆ ఇద్దరి మొకాల మీదనే ఉంటయి.

ఇగ పైసల కష్టం చూపిన సినిమా అంటె ‘గమన్’. 1978ది, ముజఫర్ అలీ తీసిండు. ఫారూఖ్ షేక్ యూపీల పల్లె ఇడిసి బొంబాయికి పోయి టాక్సీ నడుపుతడు. ఇంటికాడ తల్లి, పెండ్లాం. పెండ్లాం స్మితా పాటిల్. దినాం ఊరందర్ని ఇండ్లకు చేరుస్తడు గని, తన ఊరికి పోను పైసలు కూడవు. అప్పట్ల పాలమూరోళ్లు, మన మెదకోళ్లు గుడ బొంబాయికి కూలికి పోతుండిరి. ఇప్పుడు ఆ యూపీ, బీహారు, ఒడిశా పిలగాండ్లే బొల్లారం వచ్చి మన గల్లీలల్ల రూములు తీసుకున్నరు. ఛఠ్ పండుగకు రైలు టికెట్టు దొరకనోని మొకం చూస్తె నాకు ఆ సినిమానే యాదికొస్తది.

మనకైతె టాక్సీ అంటె ఆటోనే. 1991ల ‘రౌడీ అల్లుడు’ల చిరంజీవి ఆటో జానీ, 1995ల రజనీకాంత్ ‘బాషా’, 1998ల నాగార్జున ‘ఆటో డ్రైవర్’. ఆ రోజులల్ల పటాన్‌చెరు అడ్డ మీద ఏ ఆటో ఎనుక చూసినా వీళ్ల బొమ్మలే. 2018ల విజయ్ దేవరకొండ ‘టాక్సీవాలా’ వచ్చింది. అండ్ల పాత కాంటెస్సా కొనుక్కుంటడు, అంబాసిడర్ చేసిన హిందుస్థాన్ మోటార్సోళ్లదే ఆ బండి. దాంట్ల ఆత్మ ఉంటది. మా మన్మడు ఏమన్నడో ఎరికేనా? “తాతా, ఆత్మ పట్టిన బండి ఉన్నా పర్వలే, నెల నెల కిస్తీ కట్టమనకుంటె సాలు.”

వాడు చెప్పిందే ఇంకోటున్నది. రాత్రి డ్యూటీ దిగినోడు నిద్రమొకంతోని ఫోన్ల బొల్లారం అని కొట్టి ఎక్కుతడు. ఫోను పట్టేదేమో మన బొల్లారం కాదు, సికింద్రాబాద్ దిక్కు, రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం. బండి పోయి పోయి ఆడ ఆగుతది. ఈడికి మల్ల తిప్పుకొని రావాలె. ఆ రెండో కిరాయి ఎవడియ్యాలె? నువ్వు కొట్టినకాడికే తెచ్చిన అంటడు డ్రైవరు. ఏ బొల్లారమో అడగొద్దా అంటడు ఎక్కినోడు. గీ కొట్లాట నేను ఏ సినిమాల చూడలె. తీస్తె మాత్రం బ్యాక్ ప్రొజెక్షన్ వద్దు, మియాపూర్ రోడ్డు మీదనే తీయాలె.