కోలాటమునందలి మర్యాద

పెద్దవంగర వంటి ఓరుగల్లు సీమ పల్లెలలో కోలాటము నేటికిని సజీవము. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని 1254 ప్రాంతమున సంస్కృతమున రచించిన ‘నృత్తరత్నావళి’ యెనిమిది అధ్యాయములలో నాలుగింటిని దేశి నృత్తమునకే కేటాయించెను. కోలలతో నాడు దండరాసకము వానిలోనిదే. పల్లెయాటకు పండితుని గ్రంథమున చోటు దొరకుట చిన్న గౌరవమా?

ఈ యాటలో కోల కోలను తాకునేగాని మేనిని తాకదు. ఎదుటివారి వ్రేళ్లపై దెబ్బపడకుండ తాళమే కాపాడును. జంటలు మారుచుండుటచే క్రొత్తగా వచ్చినవారును క్రమముగా అందరి యెదుట నిలుతురు.

ఇంతటి మర్యాద నెరిగిన సీమలోనే బతుకమ్మ యాటకు కొందరు ఆడపడుచులను కులము పేర దూరముంచిన వాడుకయు కలదు. దాచనేల? సాంఘిక, మతాచారములలో అట్టి వెలిని 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము శిక్షార్హము గావించెను. అయినను కొన్ని యూళ్లలో బతుకమ్మలను ఇంకను వేరువేరుగనే ఆడుచున్నారు.