బంజరు, బంచరాయి

ఊళ్లో ఎవరూ దున్నని నేలను ఇవాళ మనం ఒక్క మాటలో బంజరు అనేస్తున్నాం. హిందీ, ఉర్దూల నుంచి వచ్చిన ఈ మాటకు పంట పండని నేల అని అర్థం. నిజాం కాలపు రెవెన్యూ రికార్డులు అంత తొందరపడలేదు. వాటిలో బంచరాయి ఉంది, గైరాన్ ఉంది, శిఖం ఉంది. బంచరాయిలో బన్ అంటే అడవి, చరాయీ అంటే మేత. గైరాన్ మరాఠీ మాట, ఆవులు మేసే నేల. శిఖం చెరువు నీళ్లు తగ్గాక తేలే భూమి. ఈ పేర్లు నేల ఏం పెడుతుందో చెబుతాయి. ఏం పెట్టదో చెప్పేది బంజరు.

బంజరు అనే ఆ ఒక్క మాటే ఇప్పుడు ఉపగ్రహ పటాల్లోకీ ఎక్కింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేయగా 2019లో వచ్చిన అట్లాస్ దేశంలోని బంజర్లను 23 రకాలుగా పంచింది. ఇలాంటి పటాలకు వాడే లిస్-3 చిత్రంలో ఒక్కో గడి 23.5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. మన లెక్కలో ఐదున్నర గుంటలు. సంరక్షణ ప్రణాళిక వేసేవాళ్లు గడిగడికీ వాలుకో అంకె, మట్టి లోతుకో అంకె, పచ్చదనానికో అంకె వేసి, ఆ పొరలన్నీ ఒకదానిమీద ఒకటి పరిచి, ఇంత నుంచి ఇంత దాకా ఒక తరగతి అని గీత గీస్తారు. మోదుగ ఆకు రాల్చే ఫాల్గుణంలో తీసిన చిత్రంలో కొండగట్టు అడవి కూడా బోడిగానే పడుతుంది. అందుకే వానాకాలం, యాసంగి, ఎండాకాలం చిత్రాలు కలిపి చూస్తారు. అంకెల మీద ఉన్న ఈ జాగ్రత్త పేరు పెట్టేటప్పుడు ఉండదు.

ఆ అట్లాస్‌లో పలచటి పొదల నేల కూడా బంజరే. కొండగట్టు ఉన్న మల్యాల వైపు ఆ పొదలంటే తంగేడు, రేగు, పరికి, బలుసు. బతుకమ్మకు తంగేడు పువ్వు దొరికేది అలాంటి జాగాల్లోనే. గొర్ల మందలు మేసేదీ అక్కడే. మధుసూదన్, అబి వనక్ అనే పరిశోధకులు 2022లో ఇలాంటి మెట్ట బయళ్లను ఉపగ్రహ చిత్రాలతో గుర్తించి, దేశ విస్తీర్ణంలో దాదాపు పదో వంతు ఇవేనని తేల్చారు. రక్షిత ప్రాంతాల్లోకి వచ్చినవి వీటిలో 5 శాతం కూడా లేవు. బంజరని పేరు పడ్డాక సోలార్ పలకలు పరచడానికి ఎవరినీ అడగనక్కర్లేదనిపిస్తుంది. అదే బంచరాయి అంటే ముందు గొర్లకాపరిని అడగాలి.

2002 జీవవైవిధ్య చట్టం కింద ఊరూరా ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మల్యాల మండలంలో అది రాసేవాళ్లకు నా మనవి: సర్వే నంబరు పక్కన బంజరు అని రాసి ఊరుకోకండి. మందలు తోలేవాళ్లను, పువ్వుకు పోయే ఆడవాళ్లను అడగండి. ఆ జాగాను వాళ్లు ఏమని పిలుస్తారో ఆ మాటే రాయండి. పటం గీసేవాళ్లూ తరగతికి ఆ పేరే పెట్టాలి.