రజాకార్ల దాడులు: తెలంగాణ ఊళ్ళ ప్రతిఘటన

1947–48లో హైదరాబాద్ సంస్థానంలోని తెలుగు పల్లెలు రజాకార్ అనే సాయుధ మూకను తమ ఊరి పొలిమేరలోనే నిలువరించడానికి చేసిన పోరాటం ఇది. ఊరూరా ఏర్పడ్డ గ్రామ రక్షక దళాలు, బురుజు మీది కాపలా, డప్పు హెచ్చరిక, వడిసెల రాళ్ళు దీని ఆనవాళ్ళు. ఈ పోరాటంలో అందరి నోటా వినిపించే పేరు బైరాన్‌పల్లి. ఆనాడు నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది.

రజాకార్ అనే ఉర్దూ మాటకు స్వచ్ఛంద సేవకుడని అర్థం. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1927లో హైదరాబాద్‌లో ఒక మత, సాంస్కృతిక సంస్థగా పుట్టింది. బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలో అది రాజకీయ పక్షంగా మారింది. సంస్థానంలో ప్రతి ముస్లిమూ పాలకుడేననే ‘అనల్ మాలిక్’ సిద్ధాంతం బలపడింది ఆ కాలంలోనే. 1944లో ఆయన మరణించాక లాతూరుకు చెందిన వకీలు ఖాసిం రజ్వీ చేతికి పగ్గాలు వచ్చాయి, సంస్థ స్వభావం పూర్తిగా మారిపోయింది. వాలంటీర్లకు యూనిఫాం, కవాతు, ఆయుధం వచ్చాయి. 1947 ఆగస్టు తరువాత నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ భారత యూనియన్‌లో చేరకుండా విడిగా ఉండిపోవాలని చూసినప్పుడు వీధుల్లో ఆయనకు అండగా నిలబడింది ఈ దళమే. చివరికి ఆయనకే పగ్గం వేసింది కూడా ఈ దళమే. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కోసం ఢిల్లీకి బయలుదేరబోతున్న నిజాం ప్రతినిధుల ఇళ్ళను 1947 అక్టోబర్ 27 వేకువన రజాకార్ల గుంపులు చుట్టుముట్టి, ప్రయాణాన్నే ఆపేశాయి. రాజు పంపిన రాయబారులను కదలనివ్వని మూకకు పల్లెటూరి రైతు ఒక లెక్కా? ఆ తరువాతి పది నెలల్లో పల్లెలు చూసింది ఆ ధీమానే.

అయితే పల్లెలు అప్పటికి నిద్రలో లేవు. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ తరువాత, జనం ‘సంఘం’ అని పిలిచిన ఆ సంస్థ ఊరూరా పాకింది. వెట్టి చెయ్యం, అక్రమ వసూళ్ళు ఇవ్వం, పొలం వదలం అన్న మాట గడపగడపకూ చేరింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపి దొడ్డి కొమరయ్యను పొట్టనబెట్టుకున్నాక ఆ మాట పోరాటమైంది. చేతికర్ర, అంటే గుత్ప, పట్టుకొని వచ్చే సంఘం వాళ్ళను జనం ‘గుత్పల సంఘం’ అనేవారు. జనానికి భయపడి ఊరు విడిచి పారిపోయిన దొరలు కొందరు రజాకార్లనూ పోలీసులనూ వెంటబెట్టుకొని తిరిగొచ్చారు. ఈ సంగతి గమనించకపోతే ఈ చరిత్ర అర్థం కాదు. మతం పేరుతో కట్టిన దళం పల్లెల్లో చేసిన పనిలో చాలా భాగం దొర పనే. పన్ను పేరుతో దోపిడీ, భూమి తిరిగి లాక్కోవడం, సంఘం పేరెత్తినవాణ్ణి కొట్టడం. విసునూరు దొర రామచంద్రారెడ్డి హిందువేనని తెలిసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

1947 సెప్టెంబర్ 2న వరంగల్ ప్రాంతంలోని పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనంమీద జరిగిన కాల్పుల్లో 22 మంది చనిపోయారు. 2003లో అక్కడ అమరధామం కట్టారు. ఆ నెలలోనే, 11వ తేదీన, కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. మరోవైపు స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం నడిపింది, సరిహద్దు శిబిరాలు పెట్టింది.

ఊరి రక్షణ ఎలా ఉండేదో కాస్త దగ్గరనుంచి చూడాలి. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలడానికి వాడే వడిసెలే ఇక్కడ ఆయుధం. నారతోనో ఉన్నితోనో పేనిన తాడు, నడుమ రాయి ఇమిడేంత గూడు. ఒక కొస వేలికి తగిలించి, రెండో కొస గుప్పిట పట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పి, పట్టిన కొస వదిలితే రాయి ఈలవేస్తూ పోతుంది. చిన్నప్పటినుంచీ పిట్టల మీద చేయి తిరిగినవాళ్ళకు మనిషి గురి పెద్ద కష్టం కాదు. గొట్టంలో మందు కూరి పేల్చే బర్మార్లు ఊరికి ఏ కొన్నో ఉండేవి. ఆడవాళ్ళు కారప్పొడి, రోకళ్ళు సిద్ధంగా ఉంచుకునేవారు. పాతకాలపు బురుజు ఎక్కి రాత్రంతా కాపలా కాసేవారు. దూరాన దుమ్ము లేస్తే డప్పు మోగేది, పొలాల్లో ఉన్నవాళ్ళు పరుగున ఊళ్ళోకి వచ్చేవారు. ఊరంతా కన్నూ చెవీ అయితే తప్ప ఇలాంటి కాపలా సాగదు. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం ఈ సంగతి అంతకు పాతికేళ్ళ ముందే చూసింది. 1922–24లో మలబారు పోలీసులూ అస్సాం రైఫిల్సూ కొండలెక్కి వచ్చినా బ్రిటిష్ పాలనపై తిరగబడ్డ అల్లూరి సీతారామరాజు దళం అంతకాలం నిలిచిందంటే గూడేల్లోని జనం కళ్ళే కారణం. కొండ ఊళ్ళకు కొండే బురుజు. తెలంగాణ మైదానంలో మట్టీ రాయీ కలిపి కట్టుకున్న బురుజే కొండ.

బైరాన్‌పల్లి మీద రజాకార్లకు కన్నుకుట్టడానికి కారణం ఆ ఊరి ధైర్యమే. చుట్టుపక్కల ఊళ్ళను దోచుకొని సొత్తుతో వెళుతున్న రజాకార్లను ఆ ఊరి రక్షక దళం అడ్డగించి, దోచినదాన్ని వెనక్కి గుంజుకుంది. పరువు పోయిన మూక ప్రతీకారానికి ఒకటికి రెండుసార్లు వచ్చి, ఊరి దెబ్బకు నిలవలేక వెనుదిరిగింది. పోగొట్టుకున్న పరువు కోసం చివరికి సంస్థానం సాయుధ బలగాన్నే వెంట తెచ్చుకుంది. 1948 ఆగస్టు 27న తెల్లవారకముందే వందలమంది ఊరిని ముట్టడించారు. బురుజు మీద కాపలావాళ్ళు డప్పు కొట్టారు, కాల్పులకు కాల్పులతో బదులిచ్చారు. కానీ ఈసారి ఎదుట ఉన్నది వడిసెల రాయికి ఆగే బలగం కాదు. ఫిరంగి దెబ్బకు బురుజుమీద దాచుకున్న మందుగుండు అంటుకుంది. రక్షణ కూలిపోయింది. ఇళ్ళు తగలబెట్టారు. పట్టుబడిన మగవాళ్ళను వరుసలో నిలబెట్టి కాల్చారు. ఆడవాళ్ళ మీద జరిగిన అకృత్యాలను ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు చాలాకాలం గొంతు తగ్గించే చెప్పుకున్నారు. మృతుల సంఖ్యను ఎనభై పైచిలుకు అని కొన్ని కథనాలు, 118 అని కొన్ని చెబుతాయి. పక్కనున్న కూటిగల్ మీదా అదే రోజు దాడి జరిగింది.

ఆ ఘాతుకానికి ఐదురోజుల ముందు, ఆగస్టు 22 తొలిగంటల్లో, హైదరాబాద్‌లో మరో హత్య జరిగింది. ‘ఇమ్రోజ్’ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఆఫీసు నుంచి ఇంటికి వెళుతుండగా దారికాచి కాల్చి, చేయి నరికారు. రజాకార్లను ఖండిస్తూ, యూనియన్‌లో చేరడమే మేలని ఏడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను ఆయన అచ్చువేశారు. ఆయన నేరం అదే. రజాకార్ల మీది వ్యతిరేకతను హిందువుల తిరుగుబాటుగా, వాళ్ళ దౌర్జన్యాన్ని ముస్లింల దౌర్జన్యంగా చెప్పే వాదాలు నాటికీ నేటికీ ఉన్నాయి. షోయబుల్లాఖాన్ పేరూ, మఖ్దూం పేరూ ముందు పెట్టుకుంటే ఆ వాదాలు ఒక్క క్షణం నిలవవు.

ప్రపంచ చరిత్రలో దీనికి తోడు వెతికితే లండన్ కేబుల్ స్ట్రీట్ గుర్తుకు వస్తుంది. 1936 అక్టోబర్ 4న ఆస్వాల్డ్ మోస్లీ ఫాసిస్టుల నల్లచొక్కా కవాతును ఈస్ట్ ఎండ్‌లోని యూదులు, ఐరిష్ రేవు కూలీలు, కమ్యూనిస్టులు కలిసి వీధిలో అడ్డుకట్టలు వేసి ఆపేశారు. అక్కడ పోలీసులు కవాతుకు దారి చేయాలని చూశారు, చివరికి వాళ్ళకు దాన్ని వెనక్కి మళ్ళించక తప్పలేదు. ఇక్కడ మళ్ళించే పోలీసు లేడు. దాడి చేసేవాళ్ళ పక్కనే నడిచే పోలీసు ఉన్నాడు. కేబుల్ స్ట్రీట్ జనం ఒక్క పగలు నిలబడ్డారు, తెలంగాణ పల్లెలు ఏడాది పాటు రాత్రుళ్ళు మేల్కొన్నాయి. అందుకే ఈ పల్లెల పోరాటం మరింత పెద్దదని నా అభిప్రాయం.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి పాలన చేపట్టాడు. రజ్వీని అరెస్టు చేశారు. 1957 వరకు జైల్లో ఉండి, విడుదలయ్యాక పాకిస్తాన్ వెళ్ళిపోయి, 1970లో అక్కడే చనిపోయాడు. రజాకార్లు పోయినంత మాత్రాన పల్లెలకు నెమ్మది రాలేదు. సైనిక చర్య వెంటనే, ముఖ్యంగా మరాఠ్వాడా ప్రాంతంలో, ఏ రజాకార్లతోనూ సంబంధం లేని ముస్లింలను వేల సంఖ్యలో చంపారు. ప్రధాని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ సంఘం మృతులు 27 నుంచి 40 వేలు ఉండవచ్చని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. ఊరి రక్షక దళాల్లో పనిచేసినవారిలో చాలామందిని కొత్త ప్రభుత్వ పోలీసులే వెంటాడారు. 1951 అక్టోబర్ 21న కమ్యూనిస్టులు సాయుధ పోరాటాన్ని విరమించేవరకు గోదావరి అడవుల్లో, కోయ గూడేల నీడలో దళాలు తిరిగాయి.

కాల్పులకు పగిలిన బైరాన్‌పల్లి బురుజు ఊరి నడుమ ఇప్పటికీ ఉంది. దగ్గరలోనే అమరుల స్తూపం ఉంది. ఏటా ఆగస్టు 27న ఊరివాళ్ళు అక్కడ చేరి పూలు పెడతారు.