స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు - గంజాయి సాగు

రెండు లేక అంతకంటే ఎక్కువ దేశాలు తమ మధ్య నడిచే సరుకులపై సుంకాలను తగ్గించుకొనుటకు గాని, తొలగించుకొనుటకు గాని చేసుకొను ఒడంబడికను స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అంటారు. ఇట్టి ఒప్పందాల వలన తన పంట ధర పడిపోయినపుడు చిన్నరైతు దేనివైపు మళ్ళుతాడు అన్నది మాదకద్రవ్య పంటల చర్చలో ప్రధానమైన ప్రశ్న. తెలుగునాట దీనికి నల్గొండ, మహబూబ్ నగర్ మెట్టప్రాంతాలలో ఒక సమాధానం, విశాఖ మన్యంలో మరొక సమాధానం కనిపిస్తాయి.

ఇతర దేశాల అనుభవం

అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య నాఫ్టా ఒప్పందం 1994 జనవరి 1న అమలులోకి వచ్చింది. అమెరికా మొక్కజొన్న మెక్సికోలోకి విరివిగా దిగుమతి అయినది. 1990-2010 మధ్య మెక్సికో పురపాలక ప్రాంతాల లెక్కలను పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక పరిశోధన, మొక్కజొన్న ధర తగ్గినపుడు ఆ పంటకు అనువైన ప్రాంతాలలో గంజాయి, నల్లమందు సాగు పెరిగినట్లు తేల్చింది. హింస కూడా పెరిగింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా కలదు. కోకా సాగును మాన్పించే ఉద్దేశంతో 1991లో అమెరికా బొలీవియా, కొలంబియా, ఈక్వడార్, పెరూ దేశాల ఇతర సరుకులకు సుంకం మినహాయింపునిచ్చే చట్టం చేసింది. కోకా నియంత్రణలో సహకరించలేదన్న కారణంతో 2008 చివర బొలీవియాకు ఆ సదుపాయం నిలిపివేయబడినది. కనుక సుంకం తగ్గింపు తనంతట తాను రైతుకు మేలో కీడో కాదు. ఎవరి మార్కెట్టు ఎవరికి తెరవబడినది అన్నదే ముఖ్యం.

నల్గొండ, మహబూబ్ నగర్ మెట్టప్రాంతాలు

ఎర్ర చల్కా నేలలు, తక్కువ వర్షపాతం గల ఈ ఉమ్మడి జిల్లాలలో ఆముదం, వేరుశనగ, కంది, జొన్న ప్రధానమైన మెట్టపంటలుగా ఉండేవి. 1994లో పామోలిన్ నూనె దిగుమతిపై ఆంక్షలు తొలగించబడినవి. 2009 ఆగష్టు 13న సంతకమైన భారత-ఆసియాన్ ఒప్పందం 2010 జనవరి 1న అమలులోకి వచ్చింది. చౌకైన పామాయిల్ వంటింట్లో వేరుశనగ నూనె స్థానాన్ని చాలవరకు ఆక్రమించింది. అయితే నేరమంతా ఒప్పందానిదే అనడం సరికాదు. భారత ప్రభుత్వం 2008లోనే ముడి వంటనూనెలపై సుంకాన్ని తనంతట తానే పూర్తిగా ఎత్తివేసింది. ఆముదం వంటనూనె కాదు గనుక, ఆ చేలలోకి పత్తి రావడానికి కారణాలు వేరు.

ఇక్కడి రైతు సాధారణంగా గంజాయి వైపు మళ్ళలేదు. పత్తి వేశాడు, బోర్లు తవ్వించి అప్పులపాలైనాడు, లేదా వలస వెళ్ళాడు. 'పాలమూరు లేబర్' అన్న పేరు ఈ ఒప్పందాలకంటే ఎంతో పాతది. కొండల, అడవుల మరుగు లేని ఈ భూములలో గంజాయిని దాచడమూ కష్టమే. తెలంగాణలో పట్టుబడినది ఎక్కువగా పత్తి, కంది చేల మధ్య అక్కడక్కడ అంతరపంటగా వేసినది. 2021 అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, గంజాయి పండించేవారికి రైతుబంధు సాయం నిలిపివేస్తామని ప్రకటించారు.

విశాఖ మన్యం

చింతపల్లి, గూడెంకొత్తవీధి, పెదబయలు వంటి మండలాలలో ఆదివాసీలు కాఫీ తోటలు, వాటిలో అంతరపంటగా మిరియాలు పెంచుతారు. (ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది.) అంతర్జాతీయ కాఫీ ఒప్పందంలోని కోటా పద్ధతి 1989లో కూలిపోయిన తరువాత కాఫీ ధరలు తీవ్రమైన ఒడుదుడుకులకు లోనైనవి. 2000 మార్చిలో అమలులోకి వచ్చిన భారత-శ్రీలంక ఒప్పందం ద్వారా మిరియాల దిగుమతికి దారి ఏర్పడినది. వియత్నాం మిరియాలు కూడా శ్రీలంక పేరుతో వస్తున్నవని దక్షిణాది రైతులు పలుమార్లు ఫిర్యాదు చేశారు.

ఈ ఒప్పందమే మన్యానికి గంజాయిని తెచ్చిందని చెప్పలేము. కాని బయటి వ్యాపారులు విత్తనం, పెట్టుబడి ముందుగానే ఇచ్చి, సరుకును పొలం వద్దనే కొంటారు. దళారుల చేతిలో ధర పలకని పంటతో పోల్చినపుడు ఆ ఏర్పాటు ఆకర్షణీయమైనది. 'శీలావతి' అనే రకం ఈ వ్యాపారంలో పేరుపొందినది. మన్యం నుండి హైదరాబాదు, మహారాష్ట్రల వైపు పోయే సరుకుకు ముఖ్యమైన దారులలో ఒకటి నల్గొండ మీదుగా సాగే విజయవాడ రహదారి.

మానవ హక్కులు

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి సాగుకు పదేళ్ళ వరకు కఠిన శిక్ష విధించవచ్చును. 20 కిలోలకు మించి రవాణా చేసినవారికి కనీస శిక్షే పదేళ్ళు, గరిష్ఠం ఇరవై ఏళ్ళు. ఈ శిక్ష సరుకు తూకాన్ని బట్టి ఉంటుంది. కావున మూట మోసిన కూలీకి, సరుకు యజమానికి ఒకే కనీస శిక్ష వర్తిస్తుంది. పైగా 37వ సెక్షను కారణంగా బెయిలు దొరకడం కష్టం. పట్టుబడేది తరచు కూలీయే.

2021 అక్టోబరు 17న గంజాయి కేసు దర్యాప్తుకై వెళ్ళిన నల్గొండ పోలీసులపై లంబసింగి వద్ద రాళ్ళదాడి జరిగినది. పోలీసుల కాల్పులలో ఇద్దరు గాయపడ్డారు. ఆ నెలాఖరున ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' ప్రారంభించి వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపాన సుమారు 2 లక్షల కిలోల సరుకును తగులబెట్టారు.

రైతుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2018 డిసెంబరులో ఆమోదించిన ప్రకటన, తగిన జీవనప్రమాణాన్నిచ్చే ధరకు పంట అమ్ముకొనుటకు వీలైన మార్కెట్టును రైతు హక్కుగా పేర్కొన్నది. మన్యంలో గంజాయికి బదులుగా సూచించబడిన పంటలలో కాఫీ, మిరియాలు కూడా ఉన్నవి. చౌక దిగుమతులను అడ్డుకొనుటకు కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులో మిరియాలకు కిలో 500 రూపాయల కనీస దిగుమతి ధర నిర్ణయించింది.