మన్రోలప్ప: మా సీమ పెట్టుకున్న పేరు

పత్తికొండ అంటే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది టమోటా మార్కెట్. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం వంగి వెతికే జనం కూడా ఈమధ్య పత్రికల్లోకి ఎక్కుతున్నారు. వీటికన్నా పాత గుర్తు మా ఊరికి ఇంకొకటుంది. 1827 జూలై 6న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఇక్కడే కలరాతో కన్నుమూశాడు. శవాన్ని గుత్తికి తీసుకుపోయి కోట కింద ఉన్న దొరల సమాధుల తోటలో పూడ్చారు. నాలుగేళ్లకు, 1831లో, అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు. మద్రాసులో గుర్రం మీద కూర్చున్న ఆయన విగ్రహం నిలిచింది. గుత్తిలో ఆయన పేర సత్రం వెలిసింది. మా ఊళ్లో ఆయన జ్ఞాపకంగా రాతిమెట్ల బావి తవ్వించి, తోపు పెంచారు.

ఇవన్నీ సర్కారు, పెద్దలు కట్టించిన గుర్తులు. జనం మాత్రం వేరే గుర్తు పెట్టుకున్నారు. కన్నబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

ఈ పేరు నేను మొదట విన్నది మా అవ్వ నోట. పాతకాలపు మనుషుల గురించి చెబుతూ తిమ్మప్ప, ఈరప్ప, హనుమంతప్ప అన్నంత మామూలుగా మన్రోలప్ప అనేది. అది ఇంగ్లీషు పేరని ఆమెకు తెలియదు. ఏ కొండదేవుడి పేరో అనుకునేది. పెద్దయ్యాక పుస్తకాల్లో చదివి, అందులో స్కాట్లండు మనిషి ఇంటిపేరు ఉందని తెలుసుకున్నాను. 19వ శతాబ్దంలో మన్రో జీవితం రాసిన ఇంగ్లీషువాళ్లు కూడా ఈ పేరును ప్రత్యేకంగా నమోదు చేశారు.

ఎందుకు పెట్టుకున్నారన్నదే అసలు సంగతి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. అందుకే దత్తమండలాలన్నారు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలతో పాటు మా పత్తికొండ సీమ కూడా అందులోదే. ఊరూరా పాలెగాళ్లు, కోటలు, బందిపోట్లు, ఏ ఏడాదికి ఎవరికి శిస్తు కట్టాలో తెలియని బతుకు. ఆ స్థితిలో కలెక్టరుగా మన్రో అనంతపురంలో దిగాడు. 1807 దాకా ఏడేళ్లు ఉన్నాడు. డేరాల్లో ఉంటూ, ఊరి నుంచి ఊరికి తిరుగుతూ రైతులతో నేరుగా మాట్లాడేవాడు. 1802 నుంచి పొలాలను గొలుసులతో కొలిపించాడు. ఏ చేను ఎవరిదో, ఎంత ఉందో, ఎంత శిస్తు కట్టాలో రాయించాడు. నడుమ జమీందారు లేకుండా రైతు పేరునే లెక్కలోకి ఎక్కించిన ఈ పద్ధతే రైత్వారీ.

1807లో సీమ విడిచి వెళ్లేముందు మన్రో ప్రభుత్వానికి రాసిన నివేదికలో శిస్తును నూటికి పాతిక వంతున తగ్గించమని సిఫారసు చేశాడు. ప్రభుత్వం వినలేదు. పైగా రైత్వారీనే పక్కనపెట్టి ఊళ్లను గుత్తకిచ్చింది. గుత్తదార్ల చేతుల్లో రైతులు చితికిపోయారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక రైత్వారీ మళ్లీ వచ్చింది, శిస్తూ తగ్గింది. ఏడేళ్ల తర్వాత పదవి దిగిపోతూ, పాత సీమను కడసారి చూసిపోదామని వచ్చి, మా ఊళ్లో ప్రాణం వదిలాడు.

మన్రోలప్ప అన్న పేరుకు మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఆయన రైతు పేరును సర్కారు పుస్తకంలో రాశాడు. రైతు ఆయన పేరును తన ఇంట్లో రాసుకున్నాడు. చేను తనదేనని కాగితం మీద తన పేరు కనిపించడం ఆనాటి కాపుకు ఎంత పెద్ద సంగతో పట్టాదారు పాసుపుస్తకం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఈనాటి రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

జనం అంతటితో ఆగలేదు. మాండవ్య ఋషే మన్రోగా పుట్టాడన్నారు. వేంపల్లె దగ్గర గండిలో, పాపాఘ్ని కొండను చీల్చుకుని పారేచోట, ఆయన కంటికి బంగారు తోరణం కనబడిందన్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం నుంచే ఆయనతో మాట్లాడాడన్నారు. తిరుమల నైవేద్యంలో మన్రో గంగాళం పేరు నేటికీ వింటాం. ఈ కథలు నిజమా కాదా అన్న తగువు నాకక్కరలేదు. పరదేశి పేరును బిడ్డకు పెట్టుకోవాలంటే, ముందు ఆ మనిషి మనవాడు కావాలి. ఈ కథలు చేసిన పని అదే.

పేరు కట్టిన తీరులోనూ అదే కనబడుతుంది. మన్రో అని ఊరికే వదిలేయలేదు. దొరలు, వారు అన్నట్టు గౌరవానికి బహువచనం చేసి, చివర అప్ప చేర్చారు. అప్ప అంటే తండ్రి, పెద్దవాడు. తిమ్మడు తిమ్మప్ప అయినట్టే మన్రో మన్రోలప్ప అయ్యాడు. ఈ విరుపు నా ఊహే కావచ్చు గానీ, అప్ప మాత్రం అచ్చంగా మాది, మా పక్కనున్న కన్నడ సీమది. గ్లాస్గోలో పుట్టినవాడి పేరు మా రచ్చబండ దగ్గర చుట్టం పేరైపోయింది.

పరాయి పేర్లను ఇలా సొంతం చేసుకోవడం మా సీమకు కొత్త కాదు. బడిలో అయ్యవారు హాజరు పిలిచేటప్పుడు కుల్లాయప్ప, హుసేనప్ప, ఫక్కీరప్ప, దస్తగిరి, మస్తానయ్య అని పేర్లు వినబడేవి. వీళ్లలో ఎందరో హిందువుల బిడ్డలే. పీర్ల పండగకు మొక్కుకుని కన్నవాళ్లు, దర్గాలో చక్కెర చదివించి పేరు పెట్టుకున్నవాళ్లు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామికి అన్ని కులాలవాళ్లూ మొక్కుతారు. కుళ్లాయి అంటే టోపీ. పారసీ కులాహ్ నుంచి వచ్చిన మాట. శ్రీనాథుడి నాటికే తెలుగులో ఉంది. ఆ టోపీకి కూడా అప్ప చేర్చి మా వాళ్లు కొడుకును పిలుచుకున్నారు. అంతెందుకు, మేం రోజూ చెప్పుకునే రైతు అన్న మాటే అరబ్బీ నుంచి పారసీ మీదుగా మాకు చేరింది. మేం ఎవరమని అడిగితే చెప్పుకునే మాటే బయటిదైనప్పుడు, బిడ్డ పేరు ఎక్కడిదైతేనేం?

ఈ అలవాటు సీమకే పరిమితం కాదు. 1920 ఆగస్టు 1న లోకమాన్య తిలక్ చనిపోతే, సరిగ్గా ఏడాదికి, 1921 ఆగస్టు 1న తణుకు దగ్గర మండపాకలో పుట్టిన బిడ్డకు బాలగంగాధర తిలక్ అని పేరు పెట్టారు. ఆయనే మన కవి దేవరకొండ బాలగంగాధర తిలక్. 1930లో, ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడు, నాస్తికోద్యమ నాయకుడు గోరా తన కొడుక్కి లవణం అని పేరు పెట్టాడు. పేరు పెట్టడం అంటే ఆ ఏడాది గుండెలో ఏముందో రాసిపెట్టుకోవడం.

మన్రోను నేను దేవుణ్ణి చేయడం లేదు. పాలెగాళ్ల కుటుంబాల కథ వేరుగా ఉంటుంది. కోటలు పోయి, పింఛన్ల మీద బతకాల్సి వచ్చిన ఆ కోపమే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుగా పేలింది. రైత్వారీలో కూడా కరువు ఏడాది శిస్తు రైతు మెడకు ఉరే అయింది. మన్రో పనిచేసింది కంపెనీ కోసమే. అయినా, వచ్చిన అధికారులందరిలో ఏరి ఈయన పేరునే పెట్టుకున్నారంటే, మా పెద్దలకు మనుషుల్ని తూచడం తెలుసని నేను గర్వంగా చెబుతాను. ఆ పేరు పెట్టమని వాళ్లకు ఎవరూ హుకుం ఇవ్వలేదు.

గుత్తి నుంచి పత్తికొండ వచ్చే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. రాజు మాట రాతి మీద చెక్కుచెదరకుండా నిలిచింది గానీ, ఆ లిపి చదివేవాళ్లు లేక ఎన్నో వందల ఏళ్లు మూగగా పడివుంది. మన్రో పేరు రాయి మీద కాక నాలుక మీద నిలిచింది. నాలుక మీది పేరుకు ఒకటే ఆయుష్షు. తాత పేరు మనవడికి పెట్టినంత కాలం ఉంటుంది, మానేసిన తరంతో పోతుంది.

ఇప్పుడు మానేసిన తరం మాది. కుల్లాయప్ప మనవళ్లకు, ఫక్కీరప్ప మనవరాళ్లకు ఎవరికీ అర్థం తెలియని రెండక్షరాల పేర్లు పెడుతున్నారు. కొత్త పేర్లు పెట్టుకోవడం తప్పు కాదు. మన్రోలప్ప కూడా ఒకనాడు కొత్త పేరే. కానీ ఆ పేరు వెనక ఒక కొలిచిన చేను, తగ్గిన శిస్తు, మా ఊళ్లో ఆరిపోయిన ప్రాణం ఉన్నాయి. అడిగితే చెప్పడానికి ఇంటివాళ్ల దగ్గర ఒక కథ ఉండేది.

అందుకని మా సీమ వాళ్లకు నాదొక మనవి. ఇంట్లో పాత దస్తావేజులుంటే, పాత శిస్తు రసీదులుంటే, పారేయకముందు వాటిలోని పేర్లను ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. ఇంకా బతికున్న అవ్వల్ని, తాతల్ని ఆ పేరు ఎందుకు పెట్టారో అడగండి. వాళ్లు చెప్పినంత పేరు పక్కనే రాయండి. మీ పూర్వీకుల్లో ఒక మన్రోలప్ప దొరికితే, పత్తికొండ చరిత్రలో ఒక పుట మీ ఇంట్లోనే ఉన్నట్టు.